ఆవాల దిగుబడికి ఏది మేలు: హైబ్రిడా, ఆకు పనితనమా?

బెంగళూరు హెబ్బాళలో మా గది మేడ మీద నవంబర్‌లో ఆరు కుండీల్లో ఆవాలు చల్లాను, అమ్మకి ఆవకాయలోకి పంపిద్దామని సరదా. జనవరి ఆఖరుకి కింది ఆకులన్నీ పండి రాలిపోయాయి, ఇంకేముంది అనుకుంటే కాయలు మాత్రం పచ్చగా ఊరుతూనే ఉన్నాయి. అది చూసి, బ్రీడింగ్ చదివే మా రూమ్మేట్‌కీ నాకూ వాదన మొదలైంది. వాడిది హైబ్రిడ్ పక్షం, నాది కిరణజన్య సంయోగక్రియ పక్షం.

వాడి లెక్క సూటిగా ఉంటుంది: రెండు వేరే రకాల్ని కలిపి పుట్టించిన హైబ్రిడ్ ఎక్కువ దిగుబడి ఇస్తుందని. ఆవ పువ్వు తన పుప్పొడితో తనే కాయ కట్టుకుంటుంది, కాబట్టి హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ వరసలో పుప్పొడి రాకుండా ఆపాలి. ఢిల్లీ యూనివర్సిటీలో దీపక్ పెంటల్ బృందం ఇందుకు బార్నేజ్, బార్‌స్టార్ అనే బ్యాక్టీరియా జన్యువులు వాడి, వరుణ రకాన్ని ఎర్లీ హీరా-2తో కలిపి డీఎంహెచ్-11 అనే జన్యుమార్పిడి హైబ్రిడ్‌ని తెచ్చింది. 2022 అక్టోబర్‌లో నిపుణుల కమిటీ దాని విడుదలకు సరే అంది, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు, ఇక మనం ఎన్ని చెప్పుకుంటే ఏం లాభం!

నా పక్షానికీ బలం ఉంది. ఆవ సీ3 మొక్క, అంటే దాని రుబిస్కో ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌కి బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ని పట్టుకుని, చేసిన పనిలో కొంత తనే పాడుచేసుకుంటుంది. ఇలాంటి మొక్క ఎండలో సిద్ధాంతపరంగా పట్టుకోగలిగేదే 4.6 శాతం, పొలంలో ఇంకా తక్కువ. నీడ పడ్డాక ఆకు త్వరగా తేరుకునేలా జన్యువులు మారిస్తే పొగాకు సుమారు 15 శాతం ఎక్కువ బరువు పెరిగిందని 2016లో అమెరికాలోని ఇల్లినాయ్ శాస్త్రవేత్తలు చూపించారు.

కానీ పొగాకులో మనకి కావాల్సింది ఆకే. ఆవాల్లో పూత రాగానే పైనున్న పసుపు పూలు వెలుతురును తిప్పికొట్టి కింది ఆకులకు నీడ చేస్తాయి, గింజ నిండే రోజులకి ఆ ఆకులూ ఉండవు, అప్పుడు తిండి వండిపెట్టేది చాలావరకు ఆ పచ్చని కాయ తొక్కే. రాలిపోయే ఆకుని ఎంత చురుగ్గా చేస్తే మాత్రం గింజకి ఎంత చేరుతుంది? నా కుండీలే నన్ను ఓడించాయి.

అలాగని వాడూ పూర్తిగా గెలవలేదు. జన్యుమార్పిడి లేని హైబ్రిడ్ల కోసం ముల్లంగి నుంచి ఒగురా అనే మగ వంధ్యత్వాన్ని (పనికొచ్చే పుప్పొడి రాని గుణాన్ని) ఆవలోకి తెస్తే, ముల్లంగి పత్రహరిత రేణువులు కూడా వెంట వచ్చి కొత్త కేంద్రకంతో పొసగక ఆకులు పాలిపోయాయి. కణాల్ని కలిపి పత్రహరిత రేణువులు మారిస్తేగానీ పచ్చదనం తిరిగి రాలేదు. అంటే హైబ్రిడ్ చేసేవాడికైనా కిరణజన్య సంయోగక్రియ గొడవ తప్పలేదన్నమాట!

ఇప్పటికి డబ్బులు పెట్టాల్సి వస్తే నేను హైబ్రిడ్ల మీదే పెడతాను, కాకపోతే ఎంపిక చేసేటప్పుడు ఆకు సైజు కాదు, కాయలు ఎన్నాళ్లు పచ్చగా ఉంటున్నాయో, కొమ్మల మధ్య వెలుతురు ఎంత దిగుతోందో చూడమంటాను. వాడు దీనికి మాత్రం ఒప్పుకున్నాడు, రోజూ పొలంలో నిలబడి కాయలు చూసే పని తనకి చెప్పకూడదన్న షరతు మీద.