ఎన్‌టీ స్కానా, ఎన్‌ఐపీటీ రక్తపరీక్షా: మూడో నెలలో ఏది మేలు?

మూడో నెల నిండబోతున్న గర్భిణులు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఎన్‌ఐపీటీ చేయించుకుంటే ఎన్‌టీ స్కాన్ మానేయవచ్చా? తల్లి రక్తంలోని డీఎన్‌ఏను బట్టి బిడ్డ క్రోమోజోమ్ లోపాలను అంచనా వేసేది ఎన్‌ఐపీటీ; బిడ్డ మెడ వెనుక చేరే నీటి మందాన్ని (ఎన్‌టీ) కొలిచే అల్ట్రాసౌండ్ ఎన్‌టీ స్కాన్. హైదరాబాద్‌లో ల్యాబ్ వాళ్లు ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళ్తుంటే, ట్రాఫిక్‌లో పడి వెళ్లి స్కాన్ సెంటర్‌లో పడిగాపులు కాయడం ఎందుకని అనిపించడం సహజమే.

డౌన్ సిండ్రోమ్‌ను (21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండే లోపం) పసిగట్టడం ఒక్కటే చూస్తే ఎన్‌ఐపీటీదే పైచేయి. ఎన్‌టీ కొలతను, డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షను, తల్లి వయసును కలిపి లెక్కగట్టే పద్ధతి నూటికి దాదాపు 90 కేసులను పట్టుకుంటుంది గానీ, ఏ లోపమూ లేని గర్భాల్లో కూడా నూటికి ఐదింటిని అనుమానితుల్లో చేరుస్తుంది. ఎన్‌ఐపీటీ నూటికి 99 దాకా పట్టుకుంటుంది. అనవసరంగా భయపెట్టేది వెయ్యికి ఒకటి కూడా ఉండదు. పదో వారం నుంచే చేయించుకోవచ్చు. ఖర్చు మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ.

అయినా నా మొగ్గు స్కాన్ వైపే. రక్తపరీక్ష తాను వెతికిన క్రోమోజోముల సంగతే చెబుతుంది, అదీ ప్రధానంగా మాయ నుంచి వచ్చిన డీఎన్‌ఏను బట్టి. బిడ్డను అది చూడదు. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు చేసే స్కాన్‌లో పుర్రె ఏర్పడిందా, పొట్ట గోడ మూసుకుందా, కవలలైతే మాయ ఒకటా రెండా అన్నవి తెలుస్తాయి. మెడ వెనుక నీరు 3.5 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే, క్రోమోజోములు సవ్యంగానే ఉన్నా గుండె లోపాల కోసం ప్రత్యేకంగా వెతకవలసి వస్తుంది. కవలల్లో ఒక పిండం మొదట్లోనే ఆగిపోయినప్పుడు దాని డీఎన్‌ఏ తల్లి రక్తంలో మిగిలి ఎన్‌ఐపీటీని తప్పుదారి పట్టించగలదు. ఆ సంగతి బయటపెట్టేది కూడా స్కానే.

అయితే అసలు విషయమంతా స్కాన్ చేసే చేతిలో ఉంది. లండన్‌లో వైద్యుడు కిప్రోస్ నికొలాయిడిస్ బృందం 1992లో ఎన్‌టీ కొలతకు, క్రోమోజోమ్ లోపాలకు ఉన్న సంబంధాన్ని వెల్లడించినప్పటి నుంచి దీనికి కచ్చితమైన నియమాలు ఏర్పడ్డాయి. శిశువు పొడవు 45 నుంచి 84 మి.మీ. మధ్య ఉండాలి, తల, ఛాతీ పైభాగం మాత్రమే తెర నిండా కనిపించాలి, మెడ వెనుక చర్మాన్ని, పక్కనే ఉండే ఉమ్మనీటి పొరను విడివిడిగా గుర్తించాలి. మెడ వెనక్కి వాలి ఉంటే కొలత 0.6 మి.మీ. దాకా పెరగవచ్చు, గడ్డం ఛాతీకి ఆనితే 0.4 మి.మీ. దాకా తగ్గవచ్చు. అందుకే బిడ్డ సరైన భంగిమలో లేకపోతే కాసేపు నడిచి రమ్మని పంపే సెంటరును విసుక్కోవలసిన పని లేదు. ఐదు నిమిషాల్లో ముగించి పంపేస్తేనే సందేహించాలి. రిపోర్టులో శిశువు పొడవు, ఎన్‌టీ కొలత, ముక్కు ఎముక వివరం, కొలిచిన చిత్రం ఉన్నాయో లేదో చూసుకోండి. (రెండు పరీక్షల్లో దేనిలోనూ ఆడో మగో చెప్పరు, 1994 నాటి చట్టం అందుకు ఒప్పుకోదు.)

నాలుగో నెల దాటాక చేసే క్వాడ్రపుల్ మార్కర్ రక్తపరీక్ష గురించి చెప్పవలసింది తక్కువ: మూడో నెలలో పరీక్షలు చేయించుకోలేకపోయి, ఎన్‌ఐపీటీకి స్తోమత లేనివారికి అది ఉపయోగపడుతుంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ ఎలాగూ అందరికీ తప్పనిది, కానీ క్రోమోజోముల విషయంలో అది ఆలస్యం.

కాబట్టి ముందు స్కాన్, దానితో డబుల్ మార్కర్; ఫలితం అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా వస్తే అప్పుడు ఎన్‌ఐపీటీ. వయసు 35 దాటినవారు, స్తోమత ఉన్నవారు నేరుగా ఎన్‌ఐపీటీకి వెళ్లవచ్చు గానీ స్కాన్ మానకూడదు. ఎన్‌టీ 3.5 మి.మీ. లేదా అంతకు మించి ఉన్నవారు మాత్రం ఎన్‌ఐపీటీ రిపోర్టు కోసం రోజులు పోగొట్టుకోకుండా, మాయ నుంచి కణజాలం తీసి చేసే సీవీఎస్ గురించి గర్భస్థ శిశువుల వైద్యం చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరుతో వెంటనే మాట్లాడాలి. ఉమ్మనీటి పరీక్షకైతే సాధారణంగా 16వ వారం దాకా ఆగాలి, ఆపైన ఫలితానికి మరికొంత కాలం పడుతుంది. ఈ తొందర ఎందుకంటే, 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 24 వారాలు దాటాక గర్భస్రావానికి మెడికల్ బోర్డు అనుమతి కావాలి.