కోర్టుల దగ్గర నోటరీ దుకాణంలో నా లివింగ్ విల్లు

మూడు స్టార్లు ఇస్తున్నాను. మనుషులు మంచివాళ్ళే, కాకపోతే ఒక్క కాగితానికి మూడుసార్లు తిరిగాను. అందుకే దుకాణం పేరు రాయడం లేదు.

నాకు 74. రైల్వేలో రిటైరై సత్యనారాయణపురంలో ఉంటున్నాను. రెండేళ్ళ కిందట మా అన్నయ్య 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. తీసేయమనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. వదిన ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది. రేపు మా పిల్లలకి ఆ అవస్థ వద్దని, ఇక కోలుకోనని తేలితే వెంటిలేటర్ లాంటివి పెట్టొద్దని ముందే రాసిపెట్టే కాగితం, అదే లివింగ్ విల్లు, రాయించుకోవడానికి విజయవాడ కోర్టుల దగ్గరికి బయల్దేరాను.

"విల్లు రాయించాలి" అనగానే టైపు కుర్రాడు "ఆస్తులు ఎవరెవరికి సార్?" అన్నాడు. ఆస్తుల సంగతి కాదు బాబూ, ప్రాణం సంగతి అన్నాను. నోటరీ గారు తలెత్తి "దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాలి కదండీ" అన్నారు. అది లివింగ్ విల్లుల మీద సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు నాటి మాట. 2023 జనవరిలో సుప్రీంకోర్టే ఆ మెలిక తీసేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ ఆఫీసరు చేతగానీ ధ్రువీకరించుకుంటే చాలు. ఆ ఉత్తర్వు ప్రింటు జేబులో ఉంది, తీసి ఇచ్చాను. పార్టీలను బయట కూర్చోబెట్టి ఆసాంతం చదివారాయన. ఒక స్టారు దానికే.

కుర్రాడు మాత్రం పాత ఆస్తి విల్లు ఫైలు మీదే టైపు కొట్టాడు. "నా మరణానంతరం నాకు వెంటిలేటర్ పెట్టరాదు" అని వచ్చింది. నవ్వాపుకోలేకపోయాను. రెండోసారి అది దిద్దాడుగానీ మా అమ్మాయి పేరు ఎగిరిపోయింది. నేను మాట చెప్పలేని స్థితిలో నా తరఫున ఒప్పుకోవాల్సింది అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ. ఇద్దరి పేర్లూ ఉండాలి, ఉండొచ్చు కూడా.

సాక్షిగా వచ్చిన మా వాకింగు మిత్రుడు పెన్ను పట్టుకుని "పాపం నాకు చుట్టుకోదు కదరా?" అన్నాడు. సూది వేసి చంపమని రాయడం లేదురా, అది మన దేశంలో కుదరదు అని చెప్పాను. ఇక కోలుకోననీ, నాకు తెలివి లేదనీ తేలాకే ఈ కాగితం బయటికొస్తుంది. అప్పుడైనా ఆసుపత్రిలో ఒక డాక్టర్ల బోర్డు, దానిపైన ఇంకో బోర్డు చూసి ఒప్పుకోవాలి. మనసు మారితే నేనే రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. అంతా విని పెట్టాడు సంతకం, కాస్త వణుకుతూనే.

టైపుకీ నోటరీకీ కలిపి 700 అయింది. ఒక కాపీ మా ఫ్యామిలీ డాక్టరుకిచ్చాను. కార్పొరేషన్‌లో ఇవ్వాల్సిన కాపీ ఇంకా బీరువాలోనే ఉంది.

వెళ్ళేవాళ్ళు ఉత్తర్వు ప్రింటు తీసుకెళ్ళండి, టైపు అక్షరం అక్షరం చదువుకోండి. రెండింటికి నోటరీ గారు భోజనానికి లేస్తే మళ్ళీ మూడున్నరకే. ఆలోపు సాక్షులకి ఆకలేస్తే పునుగులు, టీ ఖర్చు మనదే.