200డీ, కిట్ లెన్స్, ఒక ఫ్లాష్: చౌల్ట్రీ పెళ్ళిళ్ళకు సరిపోతాయా?

కెనాన్ 200డీ, దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం, తల తిరిగే ఒక ఫ్లాష్. బెంగళూరులో మనవాళ్ళ పెళ్ళిళ్ళు కొన్నేళ్ళుగా వీటితోనే తీస్తున్నాను. చాలావరకు మారతహళ్ళి, బాణసవాడి వైపు చిన్న చౌల్ట్రీలు. భోజనాలకీ డెకరేషన్‌కీ పోగా మిగిలిందే ఫోటోలకి ఇచ్చే ఇళ్ళు.

అందరూ 50 ఎంఎం కొనమంటారు. కొనండి, మంచి లెన్సే. కానీ నాకు డబ్బులు తెచ్చిపెట్టింది మాత్రం ఎవరూ లెక్కచేయని కిట్ లెన్స్. 200డీ సెన్సర్ చిన్నది కాబట్టి 50 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సర్ కెమెరాలో, 80 ఎంఎం పెట్టినట్టే ఉంటుంది, ఫ్రేములో తక్కువే పడుతుంది. జీలకర్ర బెల్లం వేళకి మంటపం మీద మేనమామ, తోడి పెళ్ళికొడుకు, వీడియో అన్న, చేతులెత్తిన సెల్‌ఫోన్లు. వెనక్కి జరగడానికి చోటేది? అప్పుడు కిట్ లెన్స్‌ని ఎక్కువ వెడల్పు పట్టే 18 దగ్గర పెట్టి, వెలుగు సీలింగ్‌కి తగిలి కిందికి పడేలా ఫ్లాష్ తల పైకి తిప్పి, ఎఫ్/5.6 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 800 (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి)లో కొడితే అడ్డుతెర, రెండు చేతులు, పళ్ళెం పట్టుకున్న పిన్నితో సహా అన్నీ వస్తాయి.

సీలింగ్ తెల్లగా ఉంటేనే సుమా! కొన్ని చోట్ల పైన గులాబీ గుడ్డ కడతారు. వెలుగు ఆ రంగు పూసుకునే కిందికి దిగుతుంది, పెళ్ళికూతురి పసుపు ముఖం కాస్తా ఇంకేదో అవుతుంది. అందుకే చౌల్ట్రీలో అడుగుపెట్టగానే ముందు పైకి చూస్తాను. గుడ్డ ఉంటే ఫ్లాష్‌కి తెల్ల కార్డు రబ్బరు బ్యాండుతో బిగిస్తాను. హోమం దగ్గర ఫ్లాష్ పూర్తిగా ఆపేయాల్సిందే, పొగ తెల్లగా వెలిగిపోయి ముఖాలు మాయమవుతాయి.

50 పనికొచ్చేది అక్కడే. అయితే లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఎఫ్/1.8లో తీయకండి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి కళ్ళే షార్ప్‌గా వస్తాయి, 2.8 అయితే నయం. 200డీలో వ్యూఫైండర్‌తో తీస్తే ఫోకస్ పాయింట్లు 9. వెలుతురు తక్కువైతే వాటిలో మధ్యదాన్నే నమ్ముకోండి. మధుపర్కాల తెలుపు చూసి కెమెరా ఫోటోని నల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్ కొంచెం పెంచుకోవాలి. ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడుతుంటే షట్టర్ 1/100కి దించి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలాసార్లు తగ్గుతాయి.

ఈమధ్య ఒక పెళ్ళిలో, "పంతులుగారూ, మూడో ముడి కొంచెం నెమ్మదిగా వేయించండి" అన్నాను. "మంత్రం నీ కెమెరా కోసం ఆగుతుందా నాయనా?" అన్నారు గానీ, అడ్డంగా ఉన్న మోచెయ్యి మాత్రం పక్కకి తీశారు. ఆల్బమ్‌లో ఆ ఫోటోకే రెండు పేజీలూ ఇచ్చారు. 12x36 ఆల్బమ్‌లో ఐఎస్ఓ 3200 వరకూ నాకు అభ్యంతరం లేదు. 6400లో ఇసుక చల్లినట్టు గింజలు కనపడతాయి. పెళ్ళివాళ్ళెవరూ ఇంతవరకు అడగలేదనుకోండి.

రిసెప్షన్ పెద్ద హాల్లో అయితే దూరం నుంచి తీయగల 70-200 జూమ్ లెన్స్ అద్దెకు తెచ్చుకుంటాను, కొనే ఆలోచన లేదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఒక్కటే: కార్డు స్లాట్ ఒకటే ఉండటం, కార్డు పాడైతే రెండో కాపీ ఉండదు. 128 జీబీ కార్డు ఒకటి కొనే బదులు 32 జీబీవి నాలుగు కొనుక్కోండి. తలంబ్రాలు కాగానే ఒకటి తీసి, జిప్పు ఉన్న జేబులో వేసుకుని, కొత్తది పెట్టండి. రెండో బ్యాటరీ కూడా అదే జేబులో.