ఇంట్లో పెంచడానికి ఏ పెంకు పురుగు మేలు?

తొలకరి పడితే చాలు, విశాఖపట్నంలో వీధి దీపాల కింద పెంకు పురుగులు రాలడం మొదలవుతుంది. ఆ వెంటనే మా విద్యార్థుల నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: పిల్లలు ముచ్చటపడే జీరంగిని పెంచాలా, కొమ్ము పురుగును పెంచాలా, లేక పక్షుల మేత అమ్మే దుకాణాల్లో దొరికే సూపర్‌వర్మ్‌లను పెంచాలా? చాలామంది అందాన్ని బట్టో, శుభ్రతను బట్టో తేల్చుకుంటారు. నా దృష్టిలో అవి తరువాత చూసుకోవలసినవి. పెంకు పురుగు ఎదుగుదల అంతా పిల్లపురుగు దశలోనే జరుగుతుంది. రెక్కలు వచ్చాక అది ఇసుమంతైనా పెరగదు. కాబట్టి ఏ పురుగు పిల్లదశను మన ఇంట్లో, మన కళ్ల ముందు సాకగలమో ఆ పురుగునే ఎంచుకోవాలి.

ఈ కొలతతో చూస్తే జీరంగి మొదట్లోనే వెనుకబడుతుంది. స్టెర్నోసెరా ప్రజాతికి చెందిన ఈ ఆకుపచ్చని పురుగు వానలు పడ్డాక తుమ్మ, రేగు చెట్ల మీద కనిపిస్తుంది. దాని పిల్లపురుగులు భూమిలో వేళ్లను తిని బతుకుతాయి గనుక వాటిని డబ్బాలో పెంచడం సాధ్యం కాదు. చెట్టు మీది నుంచి తెచ్చిన పెద్ద పురుగు కొద్ది వారాలకే చనిపోతుంది. జీరంగి మెరుపు రంగుపూత వల్ల వచ్చింది కాదు. పెంకులోని అతి పలుచని పొరల నుంచి వెలుతురు తిరిగి రావడం వల్ల పుడుతుంది. అందుకే పురుగు చచ్చినా మెరుపు తగ్గదు, ఒకప్పుడు ఆ పెంకులను ఖరీదైన వస్త్రాల మీద కుట్టేవారు. రంగును పరిశీలించాలనుకుంటే చెట్టు కింద రాలిన పెంకు ఒక్కటి ఏరుకున్నా సరిపోతుంది, బతికున్న దాన్ని అగ్గిపెట్టెలో బంధించనవసరం లేదు.

సూపర్‌వర్మ్‌ల విషయం వేరు. జోఫోబాస్ అనే నల్లని పెంకు పురుగుకు ఇవి పిల్లలు. స్వస్థలం అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. గోధుమ తవుడు, ఒక క్యారెట్ ముక్క ఉంటే వాటికి చాలు. పిల్లపురుగులు గుంపుగా ఉన్నంత కాలం ప్యూపాగా, అంటే పెద్ద పురుగుగా మారే ముందు కదలక ఉండే దశలోకి, మారవు, ఒక్కొక్కదాన్ని విడి డబ్బాలో వేస్తే ఒకటి రెండు వారాల్లో మారతాయి. ఇంత తేటగా ఫలితం చూపే ప్రయోగం బడి పిల్లలకు అరుదుగా దొరుకుతుంది. ఫ్లాటులో ఉండేవారికి, ఎరువు వాసన పడనివారికి నేను దీన్నే చెబుతాను. అయితే మన సముద్రపు తేమకు తవుడు గడ్డకట్టి బూజు పడుతుంది కాబట్టి తరచుగా మార్చాలి. ఇది మన నేల పురుగు కాదు కనుక బయట వదలనే కూడదు.

నా మొగ్గు మాత్రం కొమ్ము పురుగు వైపే. ఒరిక్టిస్ రైనోసెరస్ అనే ఈ పురుగు మన వాతావరణంలోనే పుట్టి పెరిగేది గనుక దానికి ప్రత్యేకమైన ఏర్పాట్లు అక్కరలేదు. గుడ్డు పది రోజుల అటూ ఇటుగా పొదుగుతుంది, పిల్లపురుగు మూడు నుంచి ఆరు నెలలు తింటుంది, ప్యూపా దశ మూడు నాలుగు వారాలు పడుతుంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు మొదలుపెడితే సాధారణంగా వేసవి సెలవుల లోపలే పూర్తి పురుగును చూడవచ్చు. జానెడు లోతున్న డబ్బాలో బాగా చివికిన పశువుల ఎరువు నింపి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి నీరు కారనంత తడి ఉంచితే చాలు. ఎదిగిన పిల్లపురుగు చేతి బొటనవేలంత లావుగా, కొడవలిలా వంగి ఉంటుంది. పలుచని చర్మం కింద వెనుక భాగంలో అది తిన్న ఎరువు నల్లగా కనిపిస్తుంది, ఒంటికి ఇరువైపులా వరుసగా ఉన్న గోధుమరంగు చుక్కలే దాని శ్వాసరంధ్రాలు.

మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఆనందపురం దగ్గర తాతగారి గెత్తం కుప్పలోంచి ఇలాంటి పిల్లపురుగులనే తెచ్చింది. వాటిని పళ్లెంలో వేసినప్పుడు కొన్ని పక్కకు ఒరిగి కాళ్లాడిస్తుంటే, ఒకటి వెల్లకిలా పడుకుని వీపు మీదనే చకచకా పాకిపోయింది. అలా పాకేది కొమ్ము పురుగు కాదు, పువ్వుల మీద వాలే మరో రకం పెంకు పురుగు పిల్ల. ఆ తేడా ఎందుకని అడగడంతో మొదలైన ఆమె కుతూహలం పుస్తకం నిండా బొమ్మలుగా పెరిగింది. పెద్ద పురుగు బయటికి వచ్చాక దాని పొట్ట చివర చూసి అది మగదని తనే గుర్తించింది. ఇప్పుడు నందివర్ధనం ఆకులు తినే గొంగళిపురుగుల వెంట పడింది. జీరంగిని కొద్ది రోజులు చూసి వదిలేసిన పిల్లల్లో ఇటువంటి ఎదుగుదల నేను చూడలేదు.

మిగిలినవాటి గురించి రెండు మాటలు. పేడపురుగుకు ఎప్పటికప్పుడు పచ్చి పేడ కావాలి. అక్షింతల పురుగుకు రోజూ పేనుబంక తెచ్చి పెట్టేకంటే దాన్ని మిరప మొక్క మీద వదిలి చూడడం సుఖం. విదేశీ హెర్క్యులిస్ పురుగును తెప్పించడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ ఆలోచన వద్దు. కంబాలకొండ అభయారణ్యం నుంచి ఏ పురుగునూ తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు.

కొమ్ము పురుగును ఎంచుకునేవారు ఒక బాధ్యత తీసుకోవాలి. కొబ్బరి మొవ్వును తొలిచి తినే ఈ పురుగు రైతుకు శత్రువు. అది తొలిచిన మట్టలు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తాయి. తుపానుకు కూలిన కొబ్బరి మొద్దులు చివికితే అందులోనే ఇది గుడ్లు పెడుతుంది, 2014లో హుద్‌హుద్ చూసిన మన ఊరికి అలాంటి మొద్దుల గురించి వేరే చెప్పక్కరలేదు. కొమ్ము ఆడదానికీ ఉంటుంది కనుక పెద్ద పురుగు పొట్ట చివర చూడండి, దట్టంగా వెంట్రుకలుంటే ఆడది, నున్నగా ఉంటే మగది. ఒక్క మగదాన్నే ఉంచుకోండి, అప్పుడు గుడ్ల సమస్యే రాదు. దానికి పండిన అరటిపండు ముక్క, చెరకు ముక్క పెడితే కొన్ని నెలలు బతుకుతుంది. డబ్బా మూత గట్టిగా బిగించండి, రాత్రిపూట అది బలంగా తోస్తుంది. ఎరువు పారబోసే ముందు గుడ్లు గానీ పిల్లపురుగులు గానీ మిగిలాయేమో చేత్తో వెదికి, మొత్తాన్ని నల్ల ప్లాస్టిక్ సంచిలో కట్టి మండుటెండలో కొన్ని రోజులు ఉంచిన తరువాతే మొక్కలకు వేయండి.