మల్టీమీటరా, 12 వోల్టుల బల్బా?

హెచ్‌ఓ సైజు మోడల్ రైలు ఇంజను, వేగం మార్చే కంట్రోలర్ దగ్గర బాగా పరిగెత్తి, దూరంగా ఉన్న మూలలో నీరసపడుతోంది. పట్టాలు తుడిచినా మార్పు లేదు. ఇంజను తీసి అక్కడ మల్టీమీటరు పెడితే నిండుగా 12 వోల్టులు! కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. మీటరు దాదాపు కరెంటే లాగదు, అందుకే వదులైన రైల్ జాయినర్ (పట్టా ముక్కలను కలిపే లోహపు క్లిప్పు) లోపం దానికి కనబడదు.

కారులో వాడే 12 వోల్టుల, 5 వాట్ల బల్బుకు రెండు తీగలు సోల్డర్ చేసి, కంట్రోలర్ పూర్తిగా తిప్పి, కంట్రోలర్ వైపు నుంచి పట్టాలకు ఆనిస్తూ ముందుకు పోండి. అది సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది, ఇంచుమించు ఒక ఇంజనంత. ఏ జాయినర్ దాటాక వెలుగు తగ్గిందో అదే దోషి. అక్కడ కొత్త ఫీడర్ తీగలు (కంట్రోలర్ నుంచి పట్టాలకు కరెంటు తెచ్చేవి) సోల్డర్ చేయండి. బల్బు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ స్లీపర్లకు తగలనివ్వకండి.

షార్ట్ (రెండు పట్టాల కరెంటూ ఎక్కడో నేరుగా కలిసిపోవడం) వెతకడానికి మాత్రం మీటరే మేలు. కరెంటు ఆపి, ఫీడర్ తీగలు విప్పి, ఇంజన్లూ వెలిగే బోగీలూ తీసేసి, మీటరును కంటిన్యూటీ (దారి కలిస్తే బీప్ ఇచ్చే) సెట్టింగులో పెట్టి రెండు పట్టాల మధ్య చూడండి. బీప్ వస్తే ఒక్కో ముక్కా విడదీస్తూ పోండి. లోహపు ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటి ముక్క) ఉన్న పాయింట్లను, అంటే రైలు దారి మార్చే పట్టాలను, ముందు అనుమానించండి.

ఒక్కటే కొనగలిగితే, మొదట బల్బే.