కకెగురుయి ఇంగ్లీష్ డబ్బింగ్: యుమెకో గొంతు కోసం చూడొచ్చు

హైదరాబాద్‌లో యానిమే (జపాన్ యానిమేషన్) చూసేవాళ్ళ మధ్య తెగని పంచాయితీ ఒకటుంది: జపనీస్ ఆడియోనా, ఇంగ్లీష్ డబ్బింగా? 2017లో మప్పా స్టూడియో తీసిన, జూదమే రాజ్యమేలే ఓ బడి కథ 'కకెగురుయి' విషయంలో మొదటి ఎపిసోడ్‌లోనే తేల్చేసుకోవచ్చు.

కథానాయిక యుమెకోకి ఇంగ్లీషులో ఎరికా లిండ్‌బెక్ గొంతిచ్చారు. ఈ పాత్రలో కష్టమంతా మర్యాద దగ్గరే ఉంది, అరుపుల దగ్గర కాదు. జపనీస్‌లో యుమెకో తన తోటి విద్యార్థి ర్యోతా సుజుయిని 'సుజుయి-సాన్' అంటుంది. ఆ 'సాన్' మన 'అండీ' లాంటిదే. పందెం పిచ్చి తలకెక్కాక కూడా ఆ 'అండీ' పోదు, ఒళ్ళు జలదరించేది అక్కడే. ఇంగ్లీషులో దానికి సాటి మాట లేదు కాబట్టి బరువంతా స్వరం మీదే పడుతుంది. లిండ్‌బెక్ గొంతు పెంచరు. మాట చివర ఊపిరి వదిలి, మెత్తగా భయపెడతారు. నిజంగా గొప్ప పని. జపనీస్‌లో యుమెకోకి గొంతిచ్చిన సావొరి హయామిలోని చల్లదనం ఇక్కడ లేదు, దీని వేడి వేరు.

యుమెకో తోటి విద్యార్థిని మేరీగా ఎరికా హార్లాకర్ పొగరు, అది బీటలు వారే తీరు రెండూ నప్పాయి. ర్యోతా పాత్రకి (గ్రిఫిన్ బర్న్స్) మనసులో మాటలెక్కువ. పెదవి కదలదు, నోటికి మాట అతికించే బెడద లేదు. అందుకే ఆట నియమాలు అతను చెబితే సాఫీగా అర్థమవుతాయి. అవే నియమాలు తెర మీద నోరు కదిపే పాత్ర చెబితే, బొమ్మ పెదాల లెక్కకి సరిపెట్టాలని మాటలు పరుగెడతాయి.

అసలు లోపం జూదపు బల్ల దగ్గర. జపాన్‌లో నటులు ఒకే గదిలో మైకుల ముందు కలిసి నిలబడి చెప్పడం ఆనవాయితీ. ఇంగ్లీష్ డబ్బింగ్‌లో మామూలుగా ఒక్కొక్కరే, చెవిలో మూడు బీప్‌లు విని, నాలుగోది పడాల్సిన క్షణంలో మొదలుపెడతారు. పేక ముక్క తిప్పిన క్షణాన ఒకరి గొంతు ఇంకొకరిని తాకాలి. ఆ తగులుడు ఇక్కడ తక్కువ.

మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో ఫోన్‌లో చూస్తే ఆ ఊపిరి మాటలన్నీ రైలు మోతలో కలిసిపోతాయి, చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్స్ కావాలి. సబ్‌టైటిల్స్‌లో సీసీ (క్లోజ్డ్ క్యాప్షన్స్, అంటే వినిపించే మాటలే రాసి చూపేవి) అని ఉన్నదే ఎంచుకోండి. మామూలువి సాధారణంగా జపనీస్ మాటలకి అనువాదాలు, వినేదొకటి చదివేదొకటి అవుతుంది.