సైటేషన్లు చూపించి అమ్ముతున్న ఈహెచ్‌పీ మందు: రొయ్య రైతులకు హెచ్చరిక

ఉండి, కాళ్ల, ఆకివీడు పరిసరాల్లో వనామి రకం రొయ్యల సాగు చేస్తున్న రైతులకు, రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిని పూర్తిగా పోగొడుతుందంటూ మేతలో కలిపే ఒక ద్రావణాన్ని ఈ పంటకాలంలో అమ్ముతున్నారు. పక్కపక్క చెరువుల వాళ్లం కొందరం కలిసి దాన్ని కొని, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులూ వాడాం. నీటి మీద తెల్లటి దారాల్లాంటి రెట్ట తేలడం ఆగలేదు. మేత, రొయ్యల తీరు చూడటానికి చెరువులో ఉంచే చెక్ ట్రే ఎత్తితే వేలెడంత రొయ్య పక్కనే దానిలో సగం కూడా లేని రొయ్య కనిపిస్తూనే ఉంది. కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) కదలలేదు. మందు కంటే దాన్ని అమ్మిన తీరు గురించే ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే అదే కరపత్రం పట్టుకుని ఇప్పుడు ముమ్మిడివరం వైపు కూడా తిరుగుతున్నారని తెలిసింది.

ఆ కరపత్రంలో మందు గురించి ఉన్నవి రెండు మూడు వాక్యాలే. మిగతా పేజీ అంతా వైద్య, పశువైద్య రంగాల్లో పనిచేసే ఒక పరిశోధకుడి ఘనత: వందల్లో పరిశోధనా పత్రాలు, వేలల్లో సైటేషన్లు (ఆ పత్రాలను ఇతర వ్యాసాల్లో ఉదహరించిన సార్లు), ఏటేటా ఎత్తు పెరుగుతున్న నిలువు గీతల పటం, పెద్ద అక్షరాల్లో హెచ్-ఇండెక్స్, దాని కింద ‘ఆయన ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అంటూ మరో అంకె. ఈ చివరి మాట దగ్గరే అనుమానించవలసింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది పత్రికకు ఉంటుంది గాని మనిషికి ఉండదు. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో అది చెబుతుంది. హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. అది 40 అంటే, ఒక్కొక్కటీ కనీసం 40 సార్లు ఉదహరించబడిన పత్రాలు ఆయనకు 40 ఉన్నాయని అర్థం, అంతకు మించి ఏమీ కాదు. ఏ పత్రం దేని మీద రాశారో, అందులో ఆయన పాలు ఎంతో ఆ అంకెలో కనిపించదు.

గన్నవరం పశువైద్య కళాశాలలో చదివిన మా మేనల్లుడితో కూర్చుని ఆ పరిశోధకుడి ప్రచురణల జాబితాను ఒక్కొక్కటిగా చూశాను. సైటేషన్లలో సింహభాగం మనుషుల వ్యాధులపై అనేక దేశాల వారు కలిసి రాసిన కొన్ని వ్యాసాలవి. అలాంటి వ్యాసాలకు వందలమంది రచయితలు ఉండవచ్చు, వచ్చిన సైటేషన్లన్నీ ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. అది తప్పు కాదు, లెక్క కట్టే పద్ధతే అది. కరపత్రంలో ఆధారంగా పేర్కొన్న పత్రమైతే బ్రాయిలర్ కోళ్లలో కాక్సిడియా మీద ఒక మొక్క నూనె ప్రభావం గురించినది. రొయ్య అన్న మాట అందులో ఒక్కచోట కూడా లేదు. కోడి పేగులో ఉండే ఆ పరాన్నజీవికీ, రొయ్య హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) కణాల్లో పెరిగే ఈహెచ్‌పీకీ సంబంధం లేదు. ఈహెచ్‌పీ శిలీంధ్రాలకు దగ్గరి చుట్టమైన మైక్రోస్పోరిడియా జాతిది. ఇక్కడ ఆ పరిశోధకుడిని నేను నిందించడం లేదు. తన పేరు మన చెరువు గట్ల మీద ఇలా అమ్ముడవుతోందని ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు.

సైటేషన్ అంటే మెచ్చుకోలు అని కూడా అనుకోవద్దు. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వ్యాసం 1998లో లాన్సెట్‌లో వచ్చింది, 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించింది. అయినా ఎక్కువగా ఉదహరించబడిన వ్యాసాల్లో అదొకటి, తప్పని చెప్పడానికి ఉదహరించినవారే అందులో ఎక్కువమంది. పైగా పరిశోధనా వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ చూపే సైటేషన్ల లెక్క యంత్రం దానంతట అదే పోగు చేసేది. తన వ్యాసాలను తానే ఉదహరించుకున్నవీ అందులో కలుస్తాయి, ఒకే పేరున్న వేరే వ్యక్తి వ్యాసాలు వచ్చి చేరడమూ ఉంది.

కాబట్టి ఎవరైనా ఇలాంటి కరపత్రం తెస్తే, శాస్త్రవేత్త ఎంత గొప్పవాడని కాకుండా, ఇదే మందును వనామి రొయ్యల మీద, ఈహెచ్‌పీ ఉన్న చెరువుల్లో, మందు వేయని చెరువులతో పోల్చి పరీక్షించిన పత్రం ఏదని అడగండి. పేరు చెబితే వైద్య, జీవశాస్త్ర వ్యాసాల ఆన్‌లైన్ జాబితా అయిన పబ్‌మెడ్‌లో వెతకండి. అది ఉచితం, ఉపసంహరించిన వ్యాసాలపై ఆ విషయం స్పష్టంగా రాసి ఉంటుంది. అక్కడ లేనంత మాత్రాన పత్రం అబద్ధమని కాదు, మత్స్య రంగ పత్రికలు అన్నీ అందులో ఉండవు. అప్పుడు పూర్తి వ్యాసం ప్రతి ఇమ్మనండి. సీడ్‌ను (రొయ్య పిల్లలను) చెరువులో వదిలే ముందే పీసీఆర్ (క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించడం, పట్టుబడి తర్వాత చెరువు అడుగును ఎండగట్టి సున్నంతో శుద్ధి చేయడం, ఇప్పటివరకు ఈహెచ్‌పీ విషయంలో నమ్మదగ్గ దారి ఇదే. ఉన్న జబ్బును మాన్పుతుందని రుజువైన మందు లేదు.

కొన్నవారు బ్యాచ్ నంబరుతో సహా బిల్లు రాయించుకోండి, సీసాను, కరపత్రాన్ని పారేయవద్దు. మాకు మొదట తెల్ల కాగితం మీద మొత్తం మాత్రమే రాసిచ్చారు, గట్టిగా అడిగాకే సరైన బిల్లు వచ్చింది. అది చేతికి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. మూత తీయని సీసాలను వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమని దుకాణానికి లిఖితపూర్వకంగా కూడా అడిగాం, జవాబు ఇంకా రాలేదు.